భవ్యని 'వవ్య' అని ఎందుకు పిలిచారు?

ప్రశ్న: మాది తెనాలి. డబ్లిన్‌కి వచ్చి రెండేళ్ళయింది. మా పాప భవ్య ఇక్కడి ప్రైమరీ స్కూల్లో సీనియర్ ఇన్‌ఫంట్స్ (అయిదారేళ్ళ పిల్లల తరగతి) చదువుతోంది. అక్కడ ఐరిష్ కూడా నేర్పుతున్నారు. పాప ఇంటికొచ్చి ఏవేవో మాటలు చెబుతుంది. హోమ్‌వర్క్ కాగితం తీసి చూస్తే అందులో ఆ మాట ఒక్కటీ కనిపించదు. రాసేదొకటి, పలికేదొకటి. మొదటి రోజు టీచర్ మా పాపని 'వవ్య' అని పిలిచారట! మావారు "ఇక్కడ అందరూ ఇంగ్లీషే మాట్లాడుతుంటే ఆ భాష మనకెందుకు" అంటారు. నాకేమో పాప పక్కన కూర్చుని నాలుగు మాటలైనా సరిగ్గా పలకాలని ఉంది. ఫోన్లో యాప్ పెట్టుకుంటే వారానికే తల తిరిగిపోయింది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– స్వాతి, డబ్లిన్

సమాధానం:

స్వాతిగారూ,

ముందు ఆ 'వవ్య' సంగతి చూద్దాం. మీరు అడిగినదానికి సగం జవాబు అందులోనే ఉంది. టీచర్ పొరపాటు పడలేదు. పాప పేరు ఇంగ్లీషు అక్షరాల్లో బి, హెచ్‌లతో మొదలవుతుంది కదా. 'భ'కున్న ఒత్తు చూపించడానికి మనం హెచ్ పెట్టుకుంటాం. ఐరిష్‌లో హెచ్ చేసే పని వేరు. హల్లు పక్కన హెచ్ ఉందంటే ఆ హల్లు మెత్తబడిందని గుర్తు. బి మెత్తబడితే 'వ' అవుతుంది. ఐరిష్ చదువుకున్న కంటికి మీ పాప పేరు 'వవ్య'లాగే కనిపిస్తుంది. షివాన్ అనే అమ్మాయి పేరు మీరు వినే ఉంటారు. దాన్ని ఎస్-ఐ-ఓ-బి-హెచ్-ఎ-ఎన్ అని రాస్తారు. మనం చదివితే అది 'సియోభాన్'. నీవ్ అనే పేరు చివర ఎమ్-హెచ్ ఉంటుంది, అదీ 'వ'నే. వాళ్ళ పేర్లు మన నోట్లో ఏమవుతున్నాయో, మన పేర్లూ వాళ్ళ నోట్లో అదే అవుతున్నాయి.

యాప్‌తో మీకు తల తిరగడానికి కారణం కూడా ఇదే. అక్షరాలు ఇంగ్లీషువి కాబట్టి మనకు తెలియకుండానే ఇంగ్లీషు లెక్కలో చదివేస్తాం. కాబట్టి నేను చెప్పే మొదటి మాట కాస్త వింతగా ఉంటుంది: రెండు మూడు వారాలు ఐరిష్ చదవకండి, వినండి. విన్నదాన్ని తెలుగు లిపిలో రాసుకోండి. పాప నోట విన్న మాట, టీచర్ చెప్పిన మాట, ట్రాములో విన్న మాట, ఏదైనా సరే. పరభాషని తెలుగులో రాసుకోవడం చిన్నతనమేమో అనుకోకండి. ఈ భాష శబ్దాలు చాలావరకు ఇంగ్లీషు కంటే తెలుగు అక్షరాల్లోనే బాగా కుదురుతాయి. అది అభిమానంతో అంటున్న మాట కాదు, చూపిస్తాను.

'ఉంది' అనడానికి ఐరిష్‌లో 'తా' అంటారు. ఇంగ్లీషు అలవాటున్నవాళ్ళు దాన్ని 'టా' అని చదువుతారు. నాలుకని పళ్ళకి ఆనించి పలికే త, ద ఐరిష్‌లో ఉన్నాయి, మనకూ ఉన్నాయి, ఇంగ్లీషుకి లేవు. ఇక్కడివాళ్ళు ఇంగ్లీషులో 'థాంక్స్' అన్నప్పుడు మీకు 'త్యాంక్స్'లా వినిపించేది ఇందుకే.

తర్వాత దీర్ఘాలు. ఐరిష్ రాతలో కొన్ని అచ్చుల మీద ఏటవాలుగా చిన్న గీత కనిపిస్తుంది. దాన్ని 'ఫద' అంటారు, ఆ మాటకి అర్థమే 'పొడుగు'. మన దీర్ఘం లాంటిదే. కలానికీ కాలానికీ ఉన్నంత తేడా దానితో వస్తుంది. 'ఫ్యర్' అంటే మగమనిషి, అదే మాటకి గీత తగిలించి 'ఫేర్' అంటే గడ్డి. 'కాక' అని సాగదీస్తే కేకు. సాగదీయకుండా 'కక' అన్నారా, పిల్లలు చేసే రెండో పని అవుతుంది. పుట్టినరోజు నాడు ఆ గీత మర్చిపోయి కార్డు రాసినవాళ్ళ మీద ఇక్కడ జోకులున్నాయి. హ్రస్వ దీర్ఘాలు చిన్నప్పుడే బెత్తం దెబ్బలతో నేర్చుకున్న జాతి మనది. ఇందులో మనకి భయం అక్కర్లేదు.

అందరూ కష్టమనేది ఇంకొకటి ఉంది. ఐరిష్‌లో దాదాపు ప్రతి హల్లుకీ రెండు రూపాలు ఉంటాయి. ఒకటి వెడల్పుది, ఒకటి సన్ననిది. రాతలో పక్కన ఇంగ్లీషు అక్షరాలు ఎ, ఓ, యు ఉంటే వెడల్పు. ఇ, ఐ ఉంటే సన్నం. మీ అమ్మమ్మగారిని 'చాప' అని ఒకసారి, 'చీమ' అని ఒకసారి పలకమనండి. చాపలో చ దాదాపు 'త్స'లా పళ్ళ దగ్గర పుడుతుంది, చీమలో చ అంగిట్లో పుడుతుంది. పాత పుస్తకాల్లో చాపలోని చకారానికి పైన రెండు అంకె వేసి 'ౘాప' అని అచ్చువేసేవాళ్ళు. మన ఇ, ఎ పక్కన ఒకలా, అ, ఉ పక్కన ఇంకోలా పలకడం మన పెద్దవాళ్ళకి చెప్పకుండానే వచ్చు. ఐరిష్‌వాళ్ళు ఆ పని ఒక్క చకారంతో ఆపకుండా అన్ని హల్లులకీ చేస్తారు. వెడల్పు ఎస్ 'స', సన్నని ఎస్ 'ష'. వెడల్పు టి 'త', సన్నని టి మాత్రం ట్యకీ చకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అందుకే 'స్వాగతం' అనే మాట కొందరి నోట 'ఫాల్ట్య' అని, కొందరి నోట 'ఫాల్చ' అని వినిపిస్తుంది. రెండూ సరైనవే.

ఇది తెలిస్తే పలకని అక్షరాల గోల చాలావరకు సర్దుకుంటుంది. షాన్ అనే పేరులో ఎస్ తర్వాత ఒక ఇ ఉంటుంది. అది పలకడానికి కాదు, ముందున్న ఎస్‌ని 'ష' అని చదవమని చెప్పడానికి అక్కడ నిలబడింది. ఐరిష్ స్పెల్లింగ్‌లో కనిపించే అదనపు అచ్చుల్లో చాలావాటి ఉద్యోగం ఇదే. ఈ పద్ధతి ఒకసారి పట్టుబడితే కొత్త మాటని చూసి ఎలా పలకాలో చాలావరకు చెప్పగలుగుతారు. ఇంగ్లీషులో ఇన్నేళ్ళు చదివినా మనకి ఆ భరోసా లేదు.

మనకి లేని శబ్దాలు కూడా ఉన్నాయి. సి-హెచ్ కలిస్తే వచ్చేది మన 'ఖ' కాదు. ఉర్దూలో 'ఖుదా హాఫిజ్' అన్నప్పుడు గొంతులోంచి గాలి రాసుకుంటూ వస్తుందే, ఆ ఖ. జి-హెచ్, డి-హెచ్‌లు వెడల్పుగా ఉన్నప్పుడు ఉర్దూ 'గజల్'లోని మొదటి శబ్దం లాంటిది వస్తుంది. హైదరాబాద్ స్నేహితులెవరైనా ఉంటే ఆ రెండూ పలికించుకుని వినండి. ఎఫ్ పక్కన హెచ్ వస్తే అసలేమీ పలకరు, మొత్తం మాయం. ఒత్తి పలికే బరువు మాటలోని మొదటి అక్షరం మీద పడుతుంది, చివరి అచ్చు తేలిపోతుంది. మనం చివరి అచ్చుని నిండుగా పలుకుతాం కాబట్టి అక్కడ కాస్త తగ్గించుకోవాలి. దక్షిణాన మన్‌స్టర్ అనే ప్రాంతం వాళ్ళు ఆ బరువుని చాలాసార్లు చివరివైపు జరుపుతారు కానీ ఇప్పుడే ఆ జోలికి వెళ్ళకండి.

సరదా సంగతి ఒకటి. ర, ల పక్కన మ, గ లాంటివి వస్తే ఐరిష్‌వాళ్ళు మధ్యలో చిన్న అచ్చు దూరుస్తారు. నీలం రంగుని 'గొర్మ్' అని రాసి 'గొరమ్' అంటారు. ఆ అలవాటుతోనే ఇంగ్లీషులో కూడా 'ఫిలిమ్' అంటారు. మనమూ 'ఫిలిమ్' అనే అంటాం. ఆఫీసులో ఎవరైనా సరిదిద్దబోతే ఈసారి మొహమాటపడకండి, దేశమంతా మీ వెనకే ఉంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్ళని ఐరిష్‌లో ఎక్కువ ఏడిపించేది ఏమిటంటే, మాట మొదటి అక్షరమే మారిపోతుంది. నిఘంటువులో వెతికితే దొరకదు. ఇంగ్లీషువాళ్ళకి ఇది అన్యాయంలా ఉంటుంది. మనం అన్న, తమ్ముడు కలిపితే అన్నదమ్ములంటాం. కూర, కాయ కలిస్తే కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. రెండు అచ్చుల మధ్య పడ్డ హల్లు మెత్తబడింది. స్కూల్లో దీన్ని గసడదవాదేశ సంధి అని బట్టీపట్టాం. ఐరిష్‌లో హెచ్ చేరే మార్పు కూడా మొదట్లో ఇలా అచ్చుల మధ్య మెత్తబడటంతోనే పుట్టింది. 'మాహర్' అంటే అమ్మ. 'నా' అనడానికి 'మొ' అంటారు. రెండూ కలిస్తే 'మొ వాహర్'. మ కాస్తా వ అయింది. 'కర' అంటే స్నేహితుడు, 'మొ ఖర' అంటే నా స్నేహితుడు, ఖ ఉర్దూ ఖ.

రెండో రకం మార్పు ఇంకా దగ్గరగా ఉంటుంది. ట్రలీ ఊరి పేరు ఐరిష్‌లో 'త్రా లీ'. ట్రలీలో అనాలంటే 'ఇ ద్రా లీ'. కార్క్ ఊరు 'కొర్కి', కార్క్‌లో అంటే 'ఇ గొర్కి'. వాటర్‌ఫర్డ్ 'పొర్త్ లార్గె', అక్కడ అంటే 'ఇ బొర్త్ లార్గె'. త దగా, క గగా, ప బగా మారాయి. పరుషాలకు సరళాలు! 'పూచెను కలువలు' అన్నది 'పూచెను గలువలు' అయిన సరళాదేశ సంధి గుర్తుందా? మనకి అది ద్రుతం వల్ల, అంటే ముందు మాట చివరి నకారం వల్ల వస్తుంది. ఐరిష్‌లోనూ కారణం నకారమే. 'లో' అని అర్థమిచ్చే ఆ 'ఇ' ఒకప్పుడు 'ఇన్'. హల్లు ముందు న్ పోయి తన గుర్తుగా ఈ మార్పుని వదిలి వెళ్ళింది. అచ్చు ముందు ఇప్పటికీ కనిపిస్తుంది: 'ఇన్ ఏరిన్' అంటే ఐర్లండ్‌లో. ఇది మొదటిసారి అర్థమైన రోజు మా తెలుగు మాస్టారు గుర్తొచ్చి బస్సులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

వీటిలో చాలావరకు యాదృచ్ఛికంగా కుదిరిన పోలికలే. తెలుగుకీ ఐరిష్‌కీ చుట్టరికం లేదు. ఐరిష్ కెల్టిక్ శాఖకి చెందినది, సంస్కృతం ఉన్న పెద్ద కుటుంబంలోనిది. కాబట్టి మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల్లో మాత్రం నిజమైన చుట్టాలు దొరుకుతాయి. తలుపుని 'దొరస్' అంటారు, ద్వారం. అమ్మ 'మాహర్', మాత. ఏడు 'షఖ్త్', ఎనిమిది 'ఒఖ్త్', పది 'జెహ్': సప్త, అష్ట, దశ. ఊళ్ళ పేర్లలో కనిపించే 'బల్లీ' మాత్రం మన పల్లి కాదు, 'బల్య' అంటే ఊరు అనే మాట. వినడానికి చుట్టం, నిజానికి పరాయి.

రాతలో ఒక సాయం ఉంది. మాట మెత్తబడినా అసలు అక్షరాన్ని వాళ్ళు చెరిపేయరు. 'ఇ గొర్కి' అని రాసేటప్పుడు చిన్న జి, దాని పక్కన పెద్ద సి, రెండూ రాస్తారు. పలికేది మొదటిది, నిఘంటువులో వెతకాల్సింది రెండోది. అలాగే హెచ్ ఉన్న మాట దొరక్కపోతే హెచ్ తీసేసి వెతకండి. పాప హోమ్‌వర్క్ కాగితంలో దొరకని మాటలు దాదాపు ఈ రెండు కిటుకులతో దొరుకుతాయి. టీన్‌గ్లన్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో మాట టైప్ చేస్తే మూడు ప్రాంతాల యాసల్లో మనుషుల గొంతుతో వినిపిస్తుంది. యాప్ కన్నా ముందు దాన్ని వాడమంటాను.

ఇక ఇంట్లో వాడుకునే మాటలకి వద్దాం. స్కూలు నుంచి రాగానే పాపని ఇలా అడగండి: "అన్ విల్ ఒక్రస్ ఒర్త్?" నీకు ఆకలిగా ఉందా అని. మాటకి మాట చూస్తే 'నీ మీద ఆకలి ఉందా'. పాప "తా" అంటే ఉంది, "నీల్" అంటే లేదు. ఐరిష్‌లో 'అవును', 'కాదు' అనే మాటలే లేవు. అడిగిన క్రియనే తిరిగి చెప్పాలి. ఇంగ్లీషువాళ్ళకి ఇదొక వింత. మనం మాత్రం "తిన్నావా?" అంటే "తిన్నా" అనే కదా అంటాం. వాళ్ళూ "అర్ ఇహ్ తూ?" అంటే "డిహ్" అంటారు, అంతే.

ఇంకో సౌకర్యం, వాళ్ళకి ఇంగ్లీషు 'హ్యావ్' లాంటి క్రియ లేదు. 'నా దగ్గర' అనడానికి 'అగమ్', 'నీ దగ్గర' అనడానికి 'అగత్'. "తా మాల అగమ్" అంటే నా దగ్గర సంచీ ఉంది. మాల అంటే పూలదండ కాదు, సంచీ. భాష వచ్చు అనడానికి కూడా ఇదే వాడతారు: "తా గేల్గె అగమ్", నాకు ఐరిష్ వచ్చు. భాష మన దగ్గర ఉంటుందన్నమాట. ఇష్టాలు చెప్పాలంటే "ఇస్ మహ్ లుమ్ బన్య", నాకు పాలు ఇష్టం. ఆ 'ఇస్'ని ఇంగ్లీషులోలా 'ఇజ్' అనకండి, ఈ మాటలో ఆ జెడ్ శబ్దం లేదు. బాధ, దాహం, సంతోషం అన్నీ మనిషి మీదికి వచ్చి కూర్చుంటాయి. సారీ అనడానికి "తా బ్రోన్ ఒరమ్" అంటారు, నా మీద దుఃఖం ఉంది అని. నాకు దిగులుగా ఉంది, నాకు ఆకలిగా ఉంది అనే మన ధోరణికి ఇది ఎంత దగ్గరో మీకే తెలుస్తుంది. మనకి కష్టమయ్యేది ఒక్కటే, క్రియ వాక్యం మొదట్లో వస్తుంది. మనకి చివర్లో వచ్చేది వాళ్ళు ముందే అనేస్తారు. దానికి సూత్రాలు నేర్చుకోవడం కంటే వాక్యాలే నోటికి పట్టేలా పలకడం మేలు.

పలకరింపు "డీయ గ్విచ్". దేవుడు నీకు తోడు అన్నట్టు. జవాబుగా "డీయస్ మ్విర గ్విచ్" అంటారు, అందులో దేవుడితో పాటు మేరీమాత కూడా చేరుతుంది. మనం 'రామ రామ' అంటే ఎదుటివాళ్ళు ఇంకో రాముణ్ణి కలిపినట్టు. మతం గురించి మొహమాటం అక్కర్లేదు, ఎవరూ దాన్ని పూజగా అనరు. థాంక్స్ చెప్పడానికి "గొర మహగత్". విడదీస్తే 'నీ దగ్గర మంచి ఉండుగాక' అని దీవెన. ఒకరి కంటే ఎక్కువమంది ఉంటే చివర 'అగత్' పోయి 'అగివ్' వస్తుంది. ప్లీజ్ అనడానికి "లె దొ హెల్".

మన తెలుగు మనసుకి గుచ్చుకునేది ఒకటుంది. నువ్వుకి 'తూ', బహువచనానికి 'షివ్' ఉన్నాయి కానీ 'షివ్' గౌరవానికి వాడరు. టీచర్నీ, ఎనభై ఏళ్ళ పక్కింటి ముసలమ్మనీ 'తూ' అనే అనాలి. నాకు చాలాకాలం నోరు రాలేదు. ఒక పెద్దాయన్ని మర్యాదగా 'షివ్' అంటే ఆయన వెనక్కి తిరిగి ఇంకెవరున్నారా అని చూశాడు.

వీడ్కోలు మాత్రం మన పద్ధతే. వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళతో "స్లాన్ అగత్" అంటారు, ఉండేవాళ్ళు వెళ్ళేవాళ్ళతో "స్లాన్ ల్యత్" అంటారు. మనం వెళ్ళొస్తాను, వెళ్ళిరండి అని విడివిడిగా అనుకున్నట్టు. తికమకైతే ఉత్త "స్లాన్" చాలు.

పాప క్లాసు మాటలు కొన్ని మీరు నేర్చుకుంటే ఇంట్లో ఆట అవుతుంది. "సీ షీస్" కూర్చో, "షస్ సూఅస్" నిలబడు, "దూన్ అన్ దొరస్" తలుపు వెయ్యి, "క్యూనస్" నిశ్శబ్దం. హోమ్‌వర్క్‌ని "ఒబర్ వల్య" అంటారు. 'బల్య' అన్న మాటే ఇక్కడ బి మెత్తబడి 'వల్య' అయింది. పుస్తకంలో టీచర్ చాలా బాగుంది అని రాస్తే దాన్ని "అన్ వహ్" అని చదవాలి, మన 'వహ్వా'లో సగం. ఇంకో వాక్యం ఉంది. ఈ దేశంలో స్కూలుకి వెళ్ళిన ప్రతివాళ్ళకీ, మిగతా ఐరిష్ అంతా మర్చిపోయినవాళ్ళకి కూడా, అది నిద్రలో లేపినా వస్తుంది: "అన్ విల్ క్యద్ అగమ్ దుల్ గొ డీ అన్ లెహ్రస్?" టీచర్, టాయిలెట్‌కి వెళ్ళనా? మాటకి మాట 'నా దగ్గర అనుమతి ఉందా'. ముందు చెప్పిన 'అగమ్' ఇక్కడ మళ్ళీ వచ్చింది చూడండి. ఈ ఒక్క వాక్యం మీరు పార్టీలో చెప్పారంటే పక్కవాళ్ళతో స్నేహం కుదిరినట్టే.

టాయిలెట్ అన్నాను కాబట్టి, నా పరువు పోయిన సంగతి కూడా చెప్పేస్తాను. వచ్చిన కొత్తలో గాల్వేలో ఒక పబ్బుకి వెళ్ళాను. రెండు తలుపులున్నాయి. ఒకదాని మీద ఎఫ్-ఐ-ఆర్, ఇంకోదాని మీద ఎమ్-ఎన్-ఎ. ఎఫ్ అంటే ఫీమేల్, ఎమ్ అంటే మ్యాన్ అయి ఉంటుంది, అక్షరాలు అటూ ఇటూ అయ్యాయేమో అనుకుని రెండో తలుపు తోశాను. లోపలున్న ఆవిడ అరవలేదు, ఎంతోమందిని చూసినట్టు "ఆ పక్కది" అని చెప్పింది. 'ఫిర్' అంటే మగవాళ్ళు, 'మ్నా' అంటే ఆడవాళ్ళు. మీవారికి ఈ భాష ఎందుకు అన్న ప్రశ్నకి ఒక జవాబు ఇది.

సీరియస్‌గా చెప్పాలంటే, బతుకుతెరువు విషయంలో మీవారి మాట నిజం. ఐరిష్ రాకపోయినా ఇక్కడ ఏ రోజూ ఆగదు. 2022 జనాభా లెక్కల్లో తమకి ఐరిష్ వచ్చని చెప్పినవాళ్ళు 18 లక్షల 70 వేల పైచిలుకు. స్కూలు బయట రోజూ మాట్లాడేవాళ్ళు 71,968 మంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే ఈ భాష పరిస్థితి. 1937 రాజ్యాంగంలో ఇది మొదటి అధికార భాష. 2007 నుంచి యూరోపియన్ యూనియన్‌లో కూడా అధికార భాష. కానీ 1831లో మొదలైన సర్కారు బళ్ళలో చదువు ఇంగ్లీషులో సాగింది. 1845లో మొదలైన బంగాళదుంపల కరువు ఐరిష్ మాట్లాడే పేద పడమటి ఊళ్ళని ఎక్కువగా ఊడ్చేసింది. చచ్చిపోయినవాళ్ళు దాదాపు పది లక్షలు, ఓడలెక్కి వెళ్ళిపోయినవాళ్ళు ఇంకో పది లక్షలు. ఇప్పుడు ఈ భాష రోజువారీగా వినిపించే ఊళ్ళని గేల్‌తక్త్ అంటారు. డొనెగల్, మేయో, గాల్వే, కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్, మీత్ జిల్లాల్లో ముక్కలు ముక్కలుగా మిగిలాయి.

ఇది తెలిసి ఉండటం ఎందుకంటే, మీరు షాపులో "గొర మహగత్" అన్నప్పుడు ఎదుటివాళ్ళ మొహం రకరకాలుగా మారుతుంది. కొందరు పొంగిపోతారు. కొందరు సిగ్గుపడి "నాకు రాదండీ, పద్నాలుగేళ్ళు చదివాను" అంటారు. వాళ్ళకి ఆ భాష మీద ప్రేమ, అపరాధభావం, బట్టీ పరీక్షల చేదు మూడూ కలిసి ఉంటాయి. వాళ్ళని పరీక్షించినట్టు మాట్లాడకండి. రెండు మాటలు అని నవ్వి వదిలేయండి. ఆ రెండు మాటలకి ఇక్కడ ఒక పేరు కూడా ఉంది, "కూప్ల ఫొకల్".

నిజానికి మీకిప్పటికే కొన్ని వచ్చు. పోలీసుల్ని 'గార్దీ' అంటున్నారు. ప్రధానమంత్రిని 'తీషఖ్' అంటున్నారు. ట్రాము పేరు 'లూఅస్' అంటే వేగం. బస్సు నుదుటి మీద కనిపించే 'అన్ లార్' ఏదో ఊరు కాదు, సిటీ సెంటర్. ట్రాములో వినిపించే "అన్ ఖేద్ స్తద్ ఎల్య" అంటే తర్వాతి స్టాపు. రోజూ వెళ్ళేటప్పుడు దాన్ని గొంతులో పలుకుతూ వెళ్ళండి, ఆ ఉర్దూ ఖ దానంతట అదే వచ్చేస్తుంది. వంట చేసుకుంటూ రేడియో న గేల్‌తక్త అనే ఐరిష్ రేడియో పెట్టుకోండి, 1972 నుంచి నడుస్తోంది. అర్థం కాదు, కాకపోయినా ఫర్వాలేదు, చెవి అలవాటు పడాలి. టీజీ4 అనే ఐరిష్ టీవీ ఛానల్లో వాతావరణం చూడండి. ఈ దేశంలో రోజూ అవే మాటలు వస్తాయి: "తా షే గ్ కుర్ బాష్తీ", వాన పడుతోంది.

యాసల గురించి గాభరా పడొద్దు. "ఎలా ఉన్నావు" అని మన్‌స్టర్‌లో "కొనస్ తా తూ", కనాక్ట్‌లో "కే ఖీ విల్ తూ", అల్‌స్టర్‌లో "గొజే మర్ తా తూ" అంటారు. శ్రీకాకుళం, తెలంగాణ, రాయలసీమ అనుకోండి. భవ్య టీచర్ ఏది అంటే అదే పట్టుకోండి, పాపా మీరూ రెండు రకాలుగా పలికి పోట్లాడుకోవడం ఎందుకు. కొంతకాలం పోయాక మిగతావి వాటంతట అవే వినిపిస్తాయి. రోజుకి పది నిమిషాలు, అదీ పాప మీకు టీచర్‌గా కూర్చుని. తప్పు పలికితే దిద్దే అవకాశం పిల్లలకి ఇస్తే వాళ్ళు ఆ పది నిమిషాలు మర్చిపోరు.

మళ్ళీ 'వవ్య' దగ్గరికి. టీచర్‌కి ఒక్కసారి 'భవ్య' అని పలికి చూపించండి. ఒత్తు భకారం వాళ్ళకి రాదు, 'బవ్య' అంటారు. అదీ బాగానే ఉంటుంది. కానీ ఐరిష్ పాఠంలో పిలిచేటప్పుడు ఒక చిక్కుంది. మనం రాముణ్ణి పిలిస్తే 'రామా' అని చివర మారుస్తాం కదా. వాళ్ళు పేరు మొదలు మెత్తబరుస్తారు. మారె అనే అమ్మాయిని "అ వారె" అని, షాన్‌ని "అ హ్యాన్" అని పిలుస్తారు. ఆ లెక్కన బవ్యని పిలవాలంటే బి పక్కన హెచ్ పెట్టి "అ వవ్య" అనాలి. బయటి పేర్లకి ఈ మార్పు చేయనివాళ్ళు కూడా ఉన్నారనుకోండి. ఏమైనా మీ టీచర్ పాపని ఐరిష్‌లోనే పిలిచి ఉంటే, మొదటి రోజే వ్యాకరణం తప్పకుండా పిలిచారు.